బంగారు చేప నోరు తెరచినప్పుడు

ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతముల మెట్ట ఎండలలో గాజు తొట్టెలోని బంగారు చేప ఒక్కొక్కప్పుడు నీటి పైకి వచ్చి నోరు తెరచుచుండును. ఆకలియని తలచి పిల్లలు మరింత మేత వేయుదురు. అది చాలవరకు ఆకలి కాదు, ఊపిరి అందకపోవుట.

20 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు నీటిలో సుమారు 9 మిల్లీగ్రాముల ప్రాణవాయువు కరగియుండును. 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే. సుమారు వేయి సంవత్సరముల క్రిందట చైనాలో పెంపకమునకు వచ్చిన ఈ జాతికి చల్లని నీరే హితము. తినగా మిగిలిన మేత క్రుళ్లి, ఉన్న ప్రాణవాయువును కూడ హరించును. విషమగు అమోనియాను పుట్టించును.

అట్టి వేళ మేత మాని, తొట్టెపై ఎండ పడకుండ చేసి, గాలి పంపు ఆడించి, నాలుగవ వంతు నీరు తీసి క్రొత్త నీరు పోయవలెను. క్లోరిన్ కలిపిన కుళాయి నీటిని ముందొక దినము వెడల్పాటి పాత్రలో తెరచి ఉంచవలెను. ఆవిరియైన మేరకు బోరు నీరు నింపుటతో సరిపెట్టుకొనరాదు. నీరు ఆవిరియై పోవును గాని, ఉప్పులు తొట్టెలోనే పేరుకొనును. గులకరాళ్లనన్నిటిని ఒక్కసారి కడుగరాదు. అమోనియాను హరించు సూక్ష్మజీవుల నివాసమవియే.

మా శ్రోతలకు మేము మనవి చేయునది ఒక్కటే: నోరు తెరచిన చేపకు ముందు నీరు చూడుడు, మేత పిదప.