అరచేతి గానపేటిక

వాద్యాన్ని వెంట తీసుకొని లోకాలు తిరిగినవారిలో మన సాహిత్యం మొదట చూపేది నారదుణ్ణి. ఆయన వీణ మహతి, తుంబురునిది కళావతి. పింగళి సూరన కళాపూర్ణోదయంలో తుంబురుని గానంపై కలిగిన మాత్సర్యమే నారదుణ్ణి శ్రీకృష్ణుని అంతఃపురం దాకా సంగీతశిక్షణకు నడిపించింది. పాలమూరు సీమలో పన్నెండు మెట్ల కిన్నెరను భుజాన మోసుకొని ఊరూరా వీరగాథలు పాడిన కళాకారులదీ ఆ దారే. వీరందరూ పాడగలవారు. పాడలేనివాడు కూడా తనకు నచ్చిన పాటను వెంట తీసుకొని నడిచే సౌకర్యం, 1979 జూలై 1న జపానుకు చెందిన సోనీ సంస్థ వాక్‌మన్‌ను విడుదల చేసిన తరువాతనే విస్తరించింది.

వాక్‌మన్‌కు క్యాసెట్టు కావాలి. ఆ బరువును తొలగించినది ఎంపీ3 పద్ధతి. జర్మనీలోని ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు ప్రధానపాత్ర వహించి రూపొందించిన ఈ పద్ధతిలో, మన చెవి ఎలాగూ గుర్తించలేని ధ్వనివివరాలను విడిచిపెట్టి తక్కినదానిని మాత్రమే భద్రపరుస్తారు. సీడీలో ఒక నిమిషం సంగీతానికి సుమారు 10 మెగాబైట్ల స్థలం పడితే, సాధారణమైన ఎంపీ3లో సుమారు ఒక మెగాబైటు చాలు. 1998లో దక్షిణ కొరియా నుండి వచ్చిన ఎంపీమాన్‌లో 32 మెగాబైట్లే ఉండేవి. అయిదేసి నిమిషాల పాటలు ఆరింటితో అది నిండిపోయేది. 2001లో ఆపిల్ సంస్థ 5 గిగాబైట్ల ఐపాడ్‌ను తెచ్చింది. 2022 మే నెలలో అదే సంస్థ ఐపాడ్‌కు స్వస్తి పలికింది. చేతిఫోను ఆ పనిని కూడా తనలో కలుపుకున్నది.

మరి ఫోను ఉండగా వేరొక పరికరం ఎందుకు? ఈ ప్రశ్నకు సమాధానం ఖాజాగూడలో తెల్లవారుజామున దొరుకుతుంది. హైదరాబాదు నగరానికి పడమట, గచ్చిబౌలి, మణికొండల నడుమ ఉన్న ఈ ప్రాంతంలో సుమారు 250 కోట్ల సంవత్సరాల నాటి గ్రానైటు శిలలు ఒకదానిపై ఒకటి పేర్చినట్లు నిలిచి ఉన్నాయి. చుట్టూ సాఫ్ట్‌వేర్ సౌధాలు లేచినా, ఉదయం వేళ ఈ గుట్టలపై నడిచేవారు, పరుగెత్తేవారు, బండరాళ్ళెక్కే సాధన చేసేవారు కనిపిస్తారు. దాదాపు 200 గ్రాముల ఫోను జేబులో ఊగుతూ ఉంటే పరుగు సాగదు. అది రాతిమీద జారిపడితే కలిగే నష్టం చిన్నది కాదు. అంతకన్న ముఖ్యంగా, ఫోనులో పాట ఒంటరిగా రాదు. కార్యాలయపు సందేశం కూడా వెంటపడి వస్తుంది. పాతిక ముప్ఫై గ్రాముల గానపేటికకు పాడటం తప్ప మరొక విద్య రాదు. అది దాని లోపం కాదు, గుణం.

వ్యాయామానికి కొనేవారు మొదట చూడవలసినవి మీటలు. తెరను తాకి నడిపే పరికరం చెమటపట్టిన వేలికి లొంగదు. చూడకుండానే వేలితో తడిమి గుర్తించగల గట్టి మీటలు, చొక్కా అంచుకు తగిలించుకొనే క్లిప్పు ఉంటే చాలు. తెర లేకపోయినా ఫరవాలేదు. 2005లో వచ్చిన ఐపాడ్ షఫుల్‌కు అసలు తెరయే లేదు. చెమటకు, తుంపరకు ఆగుతుందో లేదో తెలుసుకోవడానికి పెట్టెపై ‘ఐపీఎక్స్4’ వంటి గుర్తును చూడాలి. నాలుగు అంకె అన్ని వైపుల నుండి పడే తుంపరను తట్టుకొంటుందనీ, ఏడు అంకె మీటరు లోతు నీటిలో అరగంట మునిగినా చెడదనీ సూచిస్తాయి. గుర్తే లేనిదానిని తడి తగలనీయకపోవడం మేలు.

ప్రయాణానికి కావలసినవి వేరు. వారాంతంలో గచ్చిబౌలి నుండి బయలుదేరి విజయవాడ చేరే బస్సు ప్రయాణం అయిదారు గంటలు. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో చిన్న భాగహారంతో ఊహించవచ్చు: 300 మిల్లీ ఆంపియర్ అవర్ల బ్యాటరీ గల పరికరం 30 మిల్లీ ఆంపియర్లు వాడుకొంటే పది గంటలు పాడుతుంది. తీగలేని బ్లూటూత్‌ను వాడితే ఆ కాలం తగ్గుతుంది. హరికథనో, అవధానాన్నో, గంటసేపు సాగే ఉపన్యాసాన్నో వినేవారికి ఆగినచోటు నుండి తిరిగి అందుకొనే సదుపాయం తప్పనిసరి. అది లేని పరికరంలో, మీట ఒకసారి నొక్కుడుపడితే కథ మళ్ళీ మొదటికి వస్తుంది.

తెలుగువారికి ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉన్నది. చౌక పరికరాలలో చాలావాటికి తెలుగు లిపి తెలియదు. పాట పేరు ఉండవలసినచోట వరుసగా చిన్న చిన్న గళ్ళు కనిపిస్తాయి. తెలుగు బోధించేవానికి ఇది కొంచెం కష్టంగానే తోస్తుంది. అయినా ప్రస్తుతానికి ఉపాయం సులభం. ఫైళ్ళకు 001, 002 అని అంకెలతో పేర్లు పెట్టి, ఆ వరుసలోనే కార్డులోకి ఎక్కించాలి. కొన్ని పరికరాలు పేర్ల వరుసను లెక్కచేయక, ఎక్కించిన వరుసలోనే పాడతాయి.

ఇక ఇయర్‌ఫోన్ల విషయం. కొనేవారు పేటికను పదిసార్లు తిప్పి చూసి, ఇయర్‌ఫోన్లను మాత్రం దానితో ఉచితంగా వచ్చినవాటితో సరిపెట్టుకొంటారు. నా దృష్టిలో ఖర్చు విషయంలో ఈ క్రమాన్ని తలకిందులు చేయాలి. ఎందుకంటే ప్రయాణానికి, పరుగుకు చెవి అవసరాలు పరస్పరవిరుద్ధాలు. బస్సులో ఇంజను రొద మన పాటను మింగివేస్తుంది. దానిని జయించడానికి ధ్వనిని పెంచుతాం. చెవిరంధ్రాన్ని మెత్తగా మూసే రబ్బరు మొనలు గల ఇయర్‌ఫోన్లైతే రొద వెలుపలనే ఆగిపోయి, తక్కువ ధ్వనిలోనే పాట స్పష్టంగా వినిపిస్తుంది. రహదారి పక్కన పరుగెత్తేవానికి అవే ప్రమాదకరం. తెల్లవారుజామున ఖాజాగూడ నుండి నానక్‌రామ్‌గూడ వైపు ఖాళీ రోడ్డుపై వాహనాలు వేగంగా వస్తాయి. గుట్టపై పైనున్నవారు రాయి జారిందని కేకవేస్తే అది వినపడాలి. అక్కడ చెవిని మూయని వదులు రకం కాని, ఒక చెవికి మాత్రమే పెట్టుకోవడం కాని, చెంప ఎముక ద్వారా ధ్వనిని అందించే రకం కాని ఉపయోగించాలి. కాబట్టి ఒక చౌక పేటిక, రెండు రకాల ఇయర్‌ఫోన్లు అన్నది సరైన లెక్క. రెండింటినీ మార్చుకోవడానికి 3.5 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న పేటికను ఎన్నుకోవాలి. ఎఫ్.ఎం. ఉన్న పేటికలలో సాధారణంగా ఆ తీగయే ఏంటెన్నా. తీగ పెట్టనిదే ఆకాశవాణి పలకదు.

ధ్వని ఎంత ఉండవచ్చు? ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన ప్రమాణం ప్రకారం 80 డెసిబెల్‌ల ధ్వనిని వారానికి 40 గంటలు వినవచ్చు. ఆపైన ప్రతి 3 డెసిబెల్‌లకు వ్యవధి సగమవుతుంది: 83కు 20 గంటలు, 86కు 10, 89కు 5. అంటే 89 డెసిబెల్‌లలో వింటే, వారానికి చాలిన వినికిడి ఒక్క విజయవాడ ప్రయాణంతో ఖర్చయిపోతుంది. లోపలి చెవిలో ధ్వనిని గ్రహించే రోమకణాలు పుట్టుకతో వచ్చినవి. నశిస్తే మళ్ళీ మొలవవు. కొన్ని వందల రూపాయల పేటిక పాడైతే మరొకటి వస్తుంది. సంగీతం విన్న తరువాత చెవులలో గుయ్యిమనే మోత మిగిలితే ధ్వని హద్దు దాటిందని గుర్తించాలి.

కొనేచోట ఈ పరీక్షలన్నీ పావుగంటలో ముగించవచ్చు. కోఠిలోని గుజరాతీ గల్లీకి గాని, సికింద్రాబాదులోని చినాయ్ ట్రేడ్ సెంటర్‌కు గాని వెళ్ళేటప్పుడు, మూడు ధ్వనిముద్రణలు గల కార్డును, మీ సొంత ఇయర్‌ఫోన్లను వెంట తీసుకువెళ్ళండి. ఒకటి వీణ: స్వరాల నడుమ నిశ్శబ్దంలో బుసబుసమనే శబ్దం వస్తున్నదేమో తెలుస్తుంది. రెండవది మృదంగం: దెబ్బలు విడివిడిగా వినపడాలి. మూడవది మాట: దానితో ధ్వనిని అతి తక్కువ మెట్టుకు దించి చూడండి. కొన్ని చౌక పరికరాలలో మొదటి మెట్టే చెవికి ఎక్కువ. అటువంటిదానిని అక్కడే వదిలివేయాలి. కార్డును పేటికతోపాటు కొన్నట్లైతే, ఇంటికి వచ్చిన రోజే దానిని పూర్తిగా నింపి, చివరి పాట దాకా పాడించండి. 32 గిగాబైట్లని అచ్చువేసి అందులో నాలుగో భాగమైనా లేని నకిలీ కార్డులు బజారులో ఉన్నాయి. కంప్యూటరు కూడా వాటిని చూసి 32 అనే చెబుతుంది. నిజంగా ఉన్న స్థలాన్ని దాటి ఎక్కించిన పాటలు మాత్రం పలకవు. రసీదు చేతిలో ఉండి, మార్పిడి గడువు ముగియకముందే ఈ పని చేయాలి.