చెరగని భయం, కుంగని కొండ

ధైర్యవంతుడికి భయమే ఉండదన్న నమ్మకమూ, ఉత్ప్రేరకం రసాయన చర్యకున్న అడ్డంకిని తొలగించేస్తుందన్న నమ్మకమూ చదువుకున్నవారిలో కూడా బలంగా నాటుకుపోయిన అపోహలు. ఒకటి మనస్తత్వశాస్త్రానికి, మరొకటి రసాయనశాస్త్రానికి చెందినవైనా, కెనడా శాస్త్రవేత్తల కృషిని దగ్గరగా పరిశీలిస్తే రెండింటి వెనుకా ఉన్నది ఒకే పొరపాటని తెలుస్తుంది: అడ్డంకిని దాటడమంటే దాన్ని లేకుండా చేయడమేనని అనుకోవడం.

దక్షిణాఫ్రికాలో పుట్టి, లండన్‌లో చాలాకాలం పనిచేసి, 1982లో వాంకూవర్‌లోని బ్రిటిష్ కొలంబియా విశ్వవిద్యాలయానికి వచ్చిన స్టాన్లీ రాక్‌మన్, భయాన్ని ఒకే ముద్దగా చూడరాదని వాదించాడు. లోపల కలిగే బెదురు, గుండె దడ వంటి శారీరక మార్పులు, తప్పించుకుని పారిపోయే ప్రవర్తన అనే మూడు అంశాలు భయంలో ఉంటాయని, అవి ఎల్లప్పుడూ కలిసికట్టుగానే నడవాలని లేదని ఆయన చూపాడు. గుండె దడదడలాడుతున్నా అడుగు ముందుకే పడవచ్చు, ఆయన దృష్టిలో ధైర్యమంటే అదే. బెదురే లేకపోవడం నిర్భయత్వం, అది వేరు. ఉత్తర ఐర్లాండ్‌లో బాంబులను నిర్వీర్యం చేసే బ్రిటిష్ సైనికులపై ఆయన బృందం జరిపిన అధ్యయనాల్లో, శౌర్య పతకాలు పొందిన కొందరికి ఒత్తిడిలో గుండె వేగం తోటివారికన్నా తక్కువగా ఉండడం కనిపించింది. అయినా ఆ ప్రమాదకరమైన పనిని నిబ్బరంగా చేయడానికి నిర్భయులై పుట్టనక్కరలేదని, తగిన శిక్షణ, దానివల్ల కలిగే ఆత్మవిశ్వాసం మామూలు మనుషులను కూడా అందుకు సిద్ధం చేస్తాయని ఆ అధ్యయనాలు చాటాయి.

విషయం తెలిస్తే భయం పోతుందన్నది మరో అపోహ. తాడును చూసి పామనుకున్నవాడికి దీపం చూపితే భ్రాంతి తొలగుతుందన్న వేదాంత దృష్టాంతం తెలుగువారికి సుపరిచితమే. కానీ తీవ్రమైన పాము భయం ఉన్నవారి విషయంలో ఆ దీపం చాలదు, ఎందుకంటే ఎదురుగా ఉన్నది విషం లేని పామని తెలిసినా వారి కాళ్లు వణుకుతూనే ఉంటాయి. ఆల్బర్టాలోని మండేర్ అనే చిన్న ఊళ్లో 1925లో పుట్టి, బ్రిటిష్ కొలంబియాలో పట్టా పొంది, తరువాత అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో స్థిరపడిన ఆల్బర్ట్ బందూరా, 1969లో సహచరులతో కలిసి ప్రచురించిన ప్రయోగంలో మాటలకన్నా చేతలనే నమ్ముకున్నాడు. చికిత్సకుడు పాము తలను, తోకను పట్టుకుని ఉండగా, భయపడే వ్యక్తి ముందు చేతికి తొడుగు వేసుకుని, ఆ తరువాత వట్టి చేత్తో దాని నడుమును నిమిరేవాడు. చూస్తూ కూర్చున్నవారికన్నా ఇలా చికిత్సకుడి తోడుతో స్వయంగా చేసినవారిలోనే భయం ఎక్కువగా తగ్గింది.

అలా తగ్గిన భయం మనసులోంచి చెరిగిపోయిందనుకోవడం కూడా సరికాదు. ఒక సంకేతం అందగానే లాలాజలం ఊరే అలవాటు మాన్పించిన కుక్కల్లో, కొంత వ్యవధి తరువాత ఆ అలవాటు దానంతటదే తిరిగి రావడాన్ని పావ్‌లోవ్ ఏనాడో గమనించాడు. చికిత్సలో సాధారణంగా జరిగేది పాత జ్ఞాపకాన్ని తుడిచివేయడం కాదు, దాని పక్కన 'ఇక్కడ ప్రమాదం లేదు' అనే కొత్త పాఠాన్ని నిలబెట్టడం. భయం తిరిగి వచ్చినంత మాత్రాన చికిత్స విఫలమైందని రోగి కుంగిపోనక్కరలేదని ఇందువల్లనే చెప్పాలి; ఈ ఒక్క మాట చాలామందికి అందకుండా పోవడం బాధాకరం. పైన చెప్పిన తొడుగు లాంటి ఆసరాలు చికిత్సను చెడగొడతాయన్న కఠిన అభిప్రాయాన్ని కూడా రాక్‌మన్, మాంట్రియల్‌లోని కాంకార్డియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆడమ్ రాడోమ్‌స్కీ, మరో సహచరి కలిసి 2008లో ప్రశ్నించారు. తొలి దశలో వివేకంతో వాడి, క్రమంగా వదిలేస్తే అవి మేలు చేయవచ్చన్నది వారి వాదన.

రసాయనశాస్త్రంలోనూ పరిస్థితి దాదాపు ఇదే. అణువులు చర్య జరపడానికి దాటవలసిన శక్తి మెట్టను ఉత్తేజన శక్తి అంటారు. ఉత్ప్రేరకం ఆ కొండను కుంగదీయదు. కొండ ఎక్కడిదక్కడే ఉండగా, పక్కనుంచి తక్కువ ఎత్తున్న వేరే దారి తెరుస్తుంది. పక్కన నిలబడి కాదు, చర్యలో తానూ పాల్గొనే ఆ పని చేస్తుంది. వంటనూనెను వనస్పతిగా మార్చేటప్పుడు హైడ్రోజన్ అణువు నికెల్ పొడి ఉపరితలానికి అతుక్కుని రెండుగా విడిపోతుంది, అక్కడే నూనె అణువులతో కలుస్తుంది, ఆపై నికెల్ మళ్లీ ఖాళీ అవుతుంది. గంధకం వంటివి ఆ ఉపరితలాన్ని ఆక్రమిస్తే ఉత్ప్రేరకం చచ్చుబడిపోతుంది కూడా. ఇక ఉత్ప్రేరకం వేస్తే సమతాస్థితి దగ్గర ఉత్పన్నం పెరుగుతుందన్నది ఉత్త మాట. అక్కడికి చేరే వేగమే పెరుగుతుంది.

హైడ్రోజన్‌ను విడగొట్టి తిరిగి అందించడం లోహాలకే సాధ్యమన్న భావన మాత్రం నిపుణులలోనూ చాలాకాలం ఉండేది. ఆంటారియోలోని విండ్సర్ విశ్వవిద్యాలయంలో డగ్లస్ స్టీఫన్ బృందం 2006లో దాన్ని కదిలించింది. ఎలక్ట్రాన్ జంటను తీసుకునే లూయీ ఆమ్లం, ఇచ్చే లూయీ క్షారం ఎదురుపడితే మామూలుగా ఒకదానితో ఒకటి బంధం ఏర్పరచుకుని శాంతిస్తాయి. వాటి చుట్టూ భారీ సమూహాలను చేర్చి కలవనీయకుండా చేస్తే, ఆ తీరని జంట మధ్యకు వచ్చిన హైడ్రోజన్ అణువు చీలిపోయి, ఒక సగం క్షారంలోని భాస్వరాన్ని, రెండో సగం ఆమ్లంలోని బోరాన్‌ను చేరుతుంది. ఆ బృందం ఇలా తయారుచేసిన ఎర్రని పదార్థం 25 డిగ్రీల సెల్సియస్ వద్దనే హైడ్రోజన్‌ను పట్టుకుంది, 100 డిగ్రీలు దాటేలా వేడిచేస్తే వదిలేసింది. మరుసటి ఏడాదికి ఇటువంటి అణువులతోనే ఇమీన్లనే కర్బన పదార్థాలకు హైడ్రోజన్ చేర్చి అమీన్లుగా మార్చగలిగారు. ఇచ్చిన ప్రతిసారీ ఆ జంట మళ్లీ ఖాళీగా, మళ్లీ తీరకుండా, తరువాతి అణువు కోసం సిద్ధంగా మిగులుతుంది.