బానెట్ కింద ఊరూ పేరూ లేని కప్లర్

ఖరగ్‌పూర్ రైల్వే పట్టణంలో ఝపటాపూర్ ఒక పేట. మీరు అక్కడే ఉంటున్నారనీ, మీ బాబాయిగారు ఒక పాత కారు కొన్నారనీ అనుకుందాం. బానెట్ ఎత్తి చూస్తే బ్యాటరీ పక్కన వైర్ల కట్టలోంచి ఒక ప్లాస్టిక్ కనెక్టర్ బయటికి వచ్చి, దేనికీ తగిలించకుండా వేలాడుతోంది. మెకానిక్కులు దీన్ని 'కప్లర్' అంటారు. కారు మాత్రం నడుస్తూనే ఉంది. మరి ఇది దేనిది? "ఎక్కడ సరిపోతే అక్కడ పెట్టెయ్, పోలా!" అని పక్కనున్నవారెవరో సలహా ఇస్తారు. ఆ పని మాత్రం చేయకండి. ఎందుకు చేయకూడదో తెలియాలంటే ఆ కప్లర్ ఏమిటో ముందు కనుక్కోవాలి.

వేలాడే కప్లర్లన్నీ ఊడిపోయినవి కావు. కంపెనీలు ఒకే కారును చౌక రకం, ఖరీదు రకం అని రెండు మూడు రకాలుగా అమ్ముతాయి. ఒక్కో రకానికి వేరే వైరింగ్ తయారు చేయడం కంటే చాలాసార్లు అన్నిటికీ ఒకటే వేయడం సులువు. అందుచేత ఫాగ్ లైట్లు లేని కారులోనూ వాటి కప్లర్ ఉండవచ్చు. మరికొన్ని పరీక్షల కోసం పెట్టినవి. 1990ల నాటి అనేక టొయోటా కార్లలో ఇంజిన్ పక్కనే, మూతమీద 'డయాగ్నోసిస్' అని రాసిన చిన్న పెట్టె ఉండేది. 1996 మోడళ్ల నుంచి అమెరికాలో 16 పిన్నుల పరీక్షా సాకెట్ తప్పనిసరి కావడంతో, ఆ పని డాష్‌బోర్డు కిందికి మారింది.

కాబట్టి మొదటి పరికరం మీటరు కాదు, కన్ను. టార్చి వేసి కప్లర్ లోపలికి చూడండి. పిన్నుల మధ్య ఏళ్లనాటి దుమ్ము గట్టిపడి ఉంటే అది చాలాకాలంగా ఖాళీగానే ఉన్నట్టు. పిన్నులు మెరుస్తూ, వాటిమీద రాపిడి గీతలుంటే ఈమధ్యే ఊడినట్టు. ఫ్యాక్టరీలోనే ఖాళీగా వదిలినదానికి తరచు మూత ఉంటుంది, లేదా దాన్ని వైర్ల కట్టకే టేపుతో చుట్టి ఉంచుతారు. ఇంకో సంగతి: వైరును అవసరానికి మించి పొడవు పెట్టరు. కనుక దాని జోడీ, ఉంటే గింటే, ఆ వైరు అందే దూరంలోనే ఉంటుంది. అక్కడ వెతకండి.

తరువాత వైర్ల రంగులు. ఇక్కడే చాలామంది పొరబడతారు. ఖరగ్‌పూర్‌లో పెరిగిన తెలుగు పిల్లలకు ఒక విషయం బాగా తెలుసు. ఇంట్లో 'జామ' అంటే జామపండు. బజారులో బెంగాలీ వ్యాపారి 'జామ్' అంటే నేరేడుపండు! శబ్దం దాదాపు ఒకటే, పండు వేరు. వైర్ల రంగులూ అంతే. బ్రిటిష్ లూకాస్ సంప్రదాయంలో గోధుమరంగు వైరు నేరుగా బ్యాటరీ ధనధ్రువం నుంచి వస్తుంది, తాళం తీసినా అందులో విద్యుత్తు ఉంటుంది. నల్లది ఎర్తు. అదే జర్మన్ సంప్రదాయంలో గోధుమరంగే ఎర్తు! నల్లది తాళం తిప్పితే విద్యుత్తు వచ్చే వైరు. మన బెంగాల్‌లోనే, ఉత్తర్‌పాడాలో 2014 దాకా తయారైన అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సంతానం. ఫోక్స్‌వాగన్ పోలోది జర్మన్ వంశం. ఒకదాని పాఠం రెండోదానికి అప్పజెబితే బ్యాటరీని నేరుగా షార్ట్ చేసినట్టే. అప్పుడు వందల ఆంపియర్లు పారతాయి. మధ్యలో ఫ్యూజు ఉంటే అదృష్టం, లేకపోతే వైరు తొడుగే అంటుకుంటుంది.

రంగు కంటే అంకె నమ్మదగినది. జర్మన్ ప్రమాణం ప్రకారం రిలేలమీద, స్విచ్చులమీద 30 అని ఉంటే ఎప్పుడూ బ్యాటరీ విద్యుత్తు, 15 అంటే తాళం తిప్పినప్పుడు, 31 అంటే ఎర్తు, 50 అంటే స్టార్టరుకు వెళ్లేది. ఇతర దేశాల రిలేల మీద కూడా ఇవి తరచు కనిపిస్తాయి.

రెండు రంగుల విషయంలో మాత్రం పరిశోధన వద్దు. పసుపు కప్లర్ ఎయిర్‌బ్యాగుది కావచ్చు. ఓమ్మీటరు పంపే కొద్దిపాటి ప్రవాహానికే ఎయిర్‌బ్యాగు పేలే ప్రమాదముంది. మందమైన నారింజరంగు కేబుళ్లు హైబ్రిడ్, విద్యుత్ కార్లలోని ప్రమాదకర వోల్టేజివి. ఈ రెండూ శిక్షణ పొందినవారి పని.

మిగతావాటికి మల్టీమీటరును డి.సి. వోల్టుల మీద పెట్టండి. నల్ల కొనను బ్యాటరీ ఋణధ్రువానికి, ఎర్ర కొనను ఒక్కొక్క పిన్నుకూ తాకించండి. ఒక కొన రెండు పిన్నులను కలపకుండా జాగ్రత్త పడండి. తాళం తీసి ఒకసారి, తిప్పి ఒకసారి, లైట్లు వేసి ఒకసారి కొలిచి కాగితం మీద రాసుకోండి. సుమారు 12 వోల్టులు వస్తే అది బల్బు, మోటారు, రిలే వంటివాటిది కావచ్చు. 5 వోల్టులు వస్తే అది చాలావరకు ఇంజిన్‌ను నడిపే కంప్యూటరు నుంచి ఏదో సెన్సారుకు వెళ్లేది. రెండు వైర్లుండి ఒకదానిలో 5 వోల్టులు, రెండోది ఎర్తు అయితే ఉష్ణోగ్రత సెన్సారుదేమో చూడాలి. ఈ సెన్సారు నిరోధం వేడి పెరిగేకొద్దీ తగ్గుతుంది. కప్లర్ ఊడితే నిరోధం అనంతమవుతుంది, అంటే కంప్యూటరుకు అది విపరీతమైన చలిగా కనిపిస్తుంది. చలి అనుకుని పెట్రోలు ఎక్కువ పోయవచ్చు. లోపాన్ని గుర్తుపట్టగల కంప్యూటరైతే హెచ్చరిక దీపం వెలిగిస్తుంది. మీ బాబాయిగారి కారు పెట్రోలు ఎక్కువ తాగుతోందంటే ఇక్కడ కారణం దొరకవచ్చు.

మరి మెకానిక్కులు వాడే టెస్ట్ ల్యాంపు సంగతేమిటి? 5 వాట్ల బల్బు 12 వోల్టుల దగ్గర 0.4 ఆంపియర్లు లాగుతుంది. కంప్యూటరు తీగకు అది మోయలేని బరువు. కోటి ఓముల నిరోధమున్న మల్టీమీటరు లాగేది ఆంపియరులో పది లక్షల వంతు కంటే కొంచెమే ఎక్కువ. అయితే ఈ సౌమ్యతే దాన్ని మోసపుచ్చుతుంది కూడా. ఎక్కడో తుప్పుపట్టి 1000 ఓముల నిరోధం అడ్డుపడినా మీటరు నిండుగా 12 వోల్టులే చూపిస్తుంది. అదే చోట బల్బు పెడితే వెలగదు. కనుక బల్బులకు వెళ్లే మందపాటి వైరుకు టెస్ట్ ల్యాంపు, సన్నని సెన్సారు వైరుకు మీటరు.

ఇంత చేశాక అది లేని ఫాగ్ లైట్లదేనని తేలిందనుకోండి. పిన్నులకు నీరు తగలకుండా మూత పెట్టి, కదిలే ఫ్యాను బెల్టుకూ వేడి గొట్టాలకూ దూరంగా కట్టకు టేపుతో చుట్టండి. దానిమీద ఒక చీటీ అంటించి అదేమిటో రాయండి. రేపు ఆ కారు కొనేవారు మళ్లీ మొదటినుంచి వెతుక్కోనక్కరలేదు.