ఉబ్బిన పొర మీద ముగ్గు!

రీలు కెమెరాల రోజుల్లో మా ఇంట్లో ఒక నెగెటివ్ పాడైంది. తాతయ్య దిగిన ఒకే ఒక్క ఫొటో అది. కడిగి ఆరబెట్టాక చూస్తే ముఖమంతా ఎండిన చెరువు మట్టిలా సన్నటి గీతలు. ఇంకో ప్రింటు వేస్తే పోతాయేమోనని నాన్న ఆశపడ్డారు. ఎలా పోతాయి? గీతలున్నది కాగితం మీద కాదు, నెగెటివ్‌లోనే!

ఫొటోగ్రాఫర్లు దీన్ని 'రెటిక్యులేషన్' అంటారు. ఫిల్ము మీద బొమ్మను పట్టి ఉంచేది జెలటిన్ అనే పల్చటి పొర. అదొక పాలిమర్... అంటే పొడవాటి గొలుసుల్లాంటి అణువుల అల్లిక. అందులోకి నీళ్లు దూరితే పొర ఉబ్బుతుంది. వెచ్చటి డెవలపర్లో అయితే మెత్తబడి మరీ ఉబ్బుతుంది. వెంటనే చల్లటి నీళ్లలో వేస్తే ముడతలు పడిపోతాయి.

అసలు చిక్కు ఎక్కడుందంటే, ఆ పొర అడుగున ప్లాస్టిక్‌కు అతుక్కుని ఉంటుంది. ఉబ్బినా పక్కలకు సాగలేదు, పైకే లేవాలి. కొంతవరకూ బుద్ధిగా మందమవుతుంది. ఒత్తిడి హద్దు దాటిందా, పైభాగం ఒక్కసారిగా మడతపడుతుంది. గేటుకు వేసిన ఎనామిల్ సరిగ్గా ఆరకముందే రెండో కోటు వేస్తే ముడతలొచ్చేదీ ఇందుకే. అక్కడ నీళ్ల పని థిన్నర్ చేస్తుంది. (నీళ్లలో నానిన వేళ్ల సంగతి మాత్రం వేరు. అది నరాల పని. నరం దెబ్బతిన్న వేలికి ఆ ముడతలు రావు.)

ఈ మడతలకూ ఒక లెక్కుంది. 1987లో అమెరికాలోని ఎంఐటీ శాస్త్రవేత్త టొయోయిచి తనాకా, ఆయన బృందం ఉబ్బుతున్న జెల్ మీద తేనెపట్టులాంటి గళ్లు ఎలా ఏర్పడతాయో 'నేచర్' పత్రికలో వివరించారు. మొదట గళ్లు చిన్నవే. నీళ్లు లోపలికి దిగేకొద్దీ ఒకదాంట్లో ఒకటి కలిసి పెద్దవవుతాయి. ఉబ్బిన పొర ఎంత మందమైతే గడి అంత పెద్దది మరి.

ఫొటోగ్రాఫర్ల తలనొప్పి ప్రింటర్లకు వరమైంది. 1855లో ఫ్రాన్స్‌లో అల్ఫోన్స్ పోయ్‌తెవాఁ కనిపెట్టిన కొలోటైప్ ముద్రణలో, గాజుపలక మీది జెలటిన్‌లో పడే ఈ సన్నటి ముడతలే సిరాను పట్టి ఉంచుతాయి. చుక్కలు కనిపించకుండా ఫొటో అచ్చవడానికి కారణం అవే.

ఇంకా ముచ్చటైన ప్రయోగం 2016లో జరిగింది. ఐఐటీ మద్రాసులో చదివి హార్వర్డ్‌లో ప్రొఫెసరైన ఎల్. మహదేవన్ బృందం, 22 వారాల పిండం మెదడు స్కాన్ ఆధారంగా నున్నటి జెల్ బొమ్మ చేసింది. పైన పల్చగా మరో జెల్ పూసి ద్రావకంలో ముంచింది. నిమిషాల్లోనే పై పొర ఉబ్బి, అచ్చం మన మెదడు మీద ఉన్నట్టే మడతలు పడ్డాయి!

తాతయ్య నెగెటివ్ ఇంకా బీరువాలోనే ఉంది. మొన్న భూతద్దం పెట్టి చూశాను. కళ్లజోడు మీద కూడా తేనెపట్టే.