9000 పెద్దదా, 11000 పెద్దదా? నా యాప్ తప్పు చెప్పింది

ఏపీఐ నుంచి ఏం వచ్చినా స్ట్రింగ్‌లో వేసేసి పని కానిచ్చే అలవాటు మీకుందా? నాకుండేది. దానివల్ల నష్టపోయింది మాత్రం మా మామ.

మాది కోహెడ. 2020 వేసవిలో గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కొన్నాళ్లు మా దగ్గరే నడిచింది. తర్వాత గాలివానకు షెడ్లు కూలాయి. మామకు మామిడి తోట ఉంది, ఆయన కోసమే చిన్న ఆండ్రాయిడ్ యాప్ రాశా. కేంద్ర ప్రభుత్వ ఓపెన్ డేటా పోర్టల్‌లో మార్కెట్ల రోజువారీ ధరల ఏపీఐ ఉంది. కీ తీసుకుని అడిగితే జేసన్ వస్తుంది. అందులో మార్కెట్, సరుకు, రకం, తేదీతో పాటు కనిష్ఠ, గరిష్ఠ ధరలు ఉంటాయి.

ఏప్రిల్‌లో ఒకరోజు యాప్ గరిష్ఠం 9000 అని చూపించింది. ఇంతేనా అనుకుని మామ తోట దగ్గరే దళారికి కాయ ఇచ్చేశాడు. సాయంత్రం ఫోన్: "ఏందిరా, నీ ఫోన్ల తొమ్మిది వేలే అంటది. ఆడ టన్ను లక్షా పది వేలకు పాట పోయిందంట!"

ఏపీఐలో ధర క్వింటాల్‌కు, అంటే 11000. లాగ్ తీసి చూస్తే ఆ రికార్డు వచ్చే ఉంది. స్ట్రింగ్స్‌ను పోల్చేటప్పుడు ముందు మొదటి అక్షరాన్నే చూస్తారు, 1 కన్నా 9 పెద్దది. అందుకే 9000 గెలిచింది. తేదీలదీ ఇదే గోల: రోజు ముందుంటుంది కాబట్టి 30/04 అనేది 02/05 కన్నా "కొత్తది" అయిపోతుంది.

కోట్లిన్‌లో డేటా క్లాస్ తిరగరాశా. ధరలు ఇంట్, తేదీ లోకల్‌డేట్. తేదీకి సొంత సీరియలైజర్ పది లైన్లలో అయిపోయింది. ధర ఫీల్డ్ పేరులోనే క్వింటాల్ అని పెట్టా, మామ టన్నుల్లో మాట్లాడతాడు మరి.

ఇంకోటి, ముందు జీసన్ వాడేవాణ్ని. ఫీల్డ్ రాకపోతే అది ఇంట్‌లో చప్పుడు లేకుండా సున్నా పెట్టేస్తుంది. నల్ ఉండకూడదని రాసిన స్ట్రింగ్‌లోనూ నల్ దూరుస్తుంది! కోట్లిన్‌ఎక్స్ సీరియలైజేషన్ అయితే తప్పనిసరి ఫీల్డ్ లేదని ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. నాకదే నచ్చింది. ధర నిజంగానే రాని రోజులుంటాయి కాబట్టి దాన్ని నల్లబుల్ చేసి, డిఫాల్ట్ విలువగా నల్ పెట్టా. ఇప్పుడు స్క్రీన్ మీద సున్నాకు బదులు "ధర రాలేదు" అని పడుతుంది.

మామ యాప్ తీసెయ్యలేదు. కానీ బండి లోడ్ చేసే ముందు మార్కెట్‌లో ఒకరికి ఫోన్ కొట్టి మరీ అడుగుతున్నాడు.