1984 నాటి కంప్యూటర్‌లో టేప్ డెక్ రిపేర్: బెల్ట్ మార్చేయండి, ఆ స్క్రూ దగ్గర మాత్రం ఆగండి

64 కేబీ ర్యామ్, 4 మెగాహెర్ట్జ్ జెడ్80 ప్రాసెసర్, స్టోరేజ్‌కి ఆడియో క్యాసెట్. స్పెక్స్ అంతే. 1984లో బ్రిటన్‌లో అమ్‌స్ట్రాడ్ తెచ్చిన సీపీసీ 464 ఇది. గ్రీన్ స్క్రీన్ మానిటర్‌తో కలిపి అప్పటి ధర 249 పౌండ్లు. ఆ రోజుల్లో చాలా హోమ్ కంప్యూటర్లకు టేప్ రికార్డర్ విడిగా కొనుక్కుని వైర్లతో తంటాలు పడాలి. దీనికైతే కీబోర్డు పక్కనే డెక్ బిగించి ఇచ్చారు. అదే దీని సెల్లింగ్ పాయింట్. ఇన్నేళ్ల తర్వాత ముందుగా మూలపడేది కూడా అదే.

నేను ఇంగ్లండ్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. ఈ మెషీన్ మా టీమ్‌లోని ఒక సీనియర్‌ది. దాంతోపాటు రెండు క్యాసెట్లు ఇచ్చారు. ఒకటి షాపులో కొన్న గేమ్. రెండోది పెన్సిల్‌తో "మ్యాథ్స్" అని రాసి ఉన్న మామూలు టేప్. ఆయన చిన్నప్పుడు వాళ్ల నాన్నగారు సొంతంగా బేసిక్ నేర్చుకుని, కొడుకు కోసం రాసిన ఎక్కాల క్విజ్ అందులో ఉందట. ఆ నాన్నగారు ఇప్పుడు లేరు. ఇంకో కాపీ కూడా లేదు. "కంప్యూటర్ పాడైనా పర్లేదు, టేప్ మాత్రం జాగ్రత్త" అని ఒక్కటే చెప్పారు.

కాబట్టి ఇక్కడ అసలు పేషెంట్ మెషీన్ కాదు, టేపు.

తారు అయిపోయిన రబ్బరు

ప్లే నొక్కితే మోటారు శబ్దం వస్తోంది కానీ టేప్ కదలడం లేదు. పాత డెక్కుల్లో ఇలా ఉంటే 10కి 9 సార్లు బెల్టే కారణం. మోటారు నుంచి ఫ్లైవీల్‌కి శక్తినిచ్చే ఆ సన్న రబ్బరు ఏళ్లు గడిచేకొద్దీ సాగుతుంది, గట్టిపడుతుంది, లేదా కరిగి నల్ల జిగురులా మారుతుంది. మన ఇళ్లలోని టేప్ రికార్డర్లలో పాట సాగదీసినట్టు వినిపించేది కూడా ఎక్కువగా దీనివల్లే.

విప్పడం కష్టం కాదు. కింది స్క్రూలు తీశాక పైభాగాన్ని మాత్రం ఒక్కసారిగా లాగొద్దు. కీబోర్డు, డెక్ వైర్లు లోపలి బోర్డుకి కలిసి ఉంటాయి. ప్రతి కనెక్టర్‌నీ ఫోన్‌తో ఫొటో తీసుకున్నాకే ఊడదీయండి. మానిటర్ జోలికి అసలు వెళ్లొద్దు. 464కి కరెంటు మానిటర్ నుంచే 5 వోల్టుల్లో వస్తుంది, ఆ పాత పిక్చర్ ట్యూబ్ లోపల మాత్రం ప్రాణం తీసేంత వోల్టేజ్ ఉంటుంది.

ఈ బెల్ట్ మూడో రకం, పూర్తిగా తారు. ఐసోప్రొపైల్ ఆల్కహాల్, ఇయర్‌బడ్స్ (బ్లూటూత్‌వి కాదు, దూదివి) పెట్టుకుని కూర్చుంటే రెండు పుల్లీలు శుభ్రం చేయడానికే గంటన్నర పట్టింది. ఈ పనిలో షార్ట్‌కట్ లేదు. కాస్త జిగురు మిగిలినా కొత్త బెల్ట్ దానికి అంటుకుని కుదుపులు వస్తాయి. కొత్త బెల్ట్ సైజు కోసం పుల్లీల చుట్టూ దారం చుట్టి కొలిచి, అంతకంటే కొంచెం చిన్నది తెప్పించాను. మరీ బిగుతుగా ఉంటే మోటారు బుష్‌లు అరిగిపోతాయి.

తర్వాత హెడ్, టేపుని లాగే క్యాప్‌స్టన్, దాన్ని నొక్కిపట్టే పించ్ రోలర్ తుడిచాను. ఆపైన ఓ పనికిరాని టేప్ పెట్టి ఇరవై నిమిషాలు తిప్పాను. టేపుని చుట్టుకునే చక్రం సరిగా తిరక్కపోతే డెక్ టేపుని నమిలేస్తుంది. ఆ పరీక్ష "మ్యాథ్స్" మీద చేయలేం కదా.

గేమ్ లోడ్ అవదు, అయినా స్క్రూ తిప్పలేదు

ఇప్పుడు గేమ్ పెట్టాను. రిలే టిక్కుమంది, మోటారు తిరిగింది, ఫైల్ పేరు కనిపించింది, వెంటనే "రీడ్ ఎర్రర్ బీ". అంటే డేటా వచ్చింది కానీ సీఆర్‌సీ చెక్‌లో ఫెయిల్ అయింది.

రిపేర్ వీడియోలు చూసిన ఎవరైనా ఇక్కడ హెడ్ పక్కనున్న చిన్న స్క్రూ మీద చెయ్యి వేస్తారు. దాన్నే అజిమత్ స్క్రూ అంటారు. హెడ్‌లో నిలువుగా ఓ సన్న చీలిక ఉంటుంది, అది టేపుకి సరిగ్గా లంబంగా ఉండాలి. కాస్త ఒరిగినా ముందు బలహీనపడేవి హై ఫ్రీక్వెన్సీలు. 464 తన డేటాని తరంగాలుగా రాస్తుంది. 1 బిట్ పొడవు 0 బిట్‌కి రెట్టింపు. 2000 బాడ్ స్పీడ్‌లో 0 అంటే సుమారు 3000 హెర్ట్జ్, 1 అంటే 1500. టేప్ సెకనుకి 4.76 సెంటీమీటర్లు నడుస్తుంది కాబట్టి ఒక 0 టేపు మీద ఆక్రమించేది 0.016 మిల్లీమీటర్లే. హెడ్ ఒరిగితే పోయేవి ఈ సున్నాలే.

స్పీడ్ తేడా వల్లేమో అనే అనుమానం రావచ్చు. కానీ ప్రతి రికార్డు మొదట్లో వచ్చే పైలట్ టోన్‌ని కొలిచి, ఆ టేప్ వేగానికి తగ్గట్టు రామ్ ప్రోగ్రామ్ తనే సర్దుకుంటుంది. 40 ఏళ్ల నాటి కోడ్‌లో నాకు బాగా నచ్చింది ఇదే. స్పీడ్ కొంచెం తక్కువైనా ఫర్వాలేదు, కుదుపు లేకుండా స్థిరంగా ఉంటే చాలు.

సో, హెడ్ ఒరిగే ఉంది. కానీ ఎప్పటి నుంచి? బాక్స్ తెరవక ముందే తప్పని ఎలా తెలుస్తుంది? గేమ్ టేప్ వేరేచోట, సరైన కోణంలో ఉన్న హెడ్‌తో తయారైంది. "మ్యాథ్స్" టేప్ ఇదే మెషీన్‌లో, ఇదే హెడ్‌తో రికార్డయింది. ఒరిగిన హెడ్‌తో రాస్తే అది చదవడానికి కూడా అదే ఒరుగు కావాలి. గేమ్ కోసం సరిచేస్తే ఇంటి టేప్‌కి తప్పు చేసినట్టే.

అందుకే స్క్రూ తల మీద, దాని పక్కన రేకు మీద కలిపి ఒక నెయిల్ పాలిష్ గీత గీసి, "మ్యాథ్స్" పెట్టి క్యాట్ కమాండ్ కొట్టాను. క్యాట్ అయితే ఏదీ లోడ్ చేయకుండా టేపు మీదున్న బ్లాకులు చదివి, సరిగా ఉన్నవాటి పక్కన "ఓకే" అని చూపిస్తుంది. బ్లాక్ 1 ఓకే. 2 ఓకే. 3 ఓకే. 4 దగ్గర ఎర్రర్. 5 ఓకే. గేమ్‌ని అస్సలు చదవని హెడ్ ఐదింటిలో నాలుగు బ్లాకులు చదివేసింది!

ఒక్క బ్లాక్ కోసం పైథాన్

బ్లాక్ 4లో టేపు పూతే దెబ్బతింది. పదే పదే తిప్పితే ఇంకా రాలుతుంది కాబట్టి ఎన్ని పాసులు వేయాలో ముందే లెక్క పెట్టుకున్నాను. మూడు, అంతే. హెడ్ సిగ్నల్ యాంప్లిఫై అయ్యే చోట నుంచి ఓ వైరు తీసి, మధ్యలో కెపాసిటర్ పెట్టి, యూఎస్‌బీ సౌండ్ కార్డ్ ద్వారా ల్యాప్‌టాప్‌లో రికార్డ్ చేశాను.

464 ఫైల్ ఫార్మాట్ మనకి ఇక్కడ కలిసొచ్చింది. ఒక్కో బ్లాక్ 2 కేబీ. దాన్ని 256 బైట్ల ముక్కలుగా విడగొట్టి, ప్రతి ముక్కకీ విడి సీఆర్‌సీ పెడుతుంది. తరంగం సున్నాని ఎక్కడ దాటుతుందో చూసి, పొట్టివి 0, పొడవైనవి 1 అని లెక్కేసే చిన్న పైథాన్ స్క్రిప్ట్ రాశాను. మొదటి పాస్‌లో 3, 6 ముక్కలు పోయాయి. రెండో దాంట్లో 6 ఒక్కటే. మూడో దాంట్లో 6 వచ్చింది, కానీ 2 పోయింది. ఒక్కో పాస్‌లో బాగున్న ముక్కలు ఏరి కలిపితే బ్లాక్ మొత్తం సీఆర్‌సీతో సహా సరిపోయింది. బేసిక్ లిస్టింగ్ చివర్లో ఒక ప్రింట్ లైన్ ఉంది. పదికి పది వస్తే కొడుకుని ముద్దుపేరుతో పిలిచి, ఇక వెళ్లి పడుకోమంటుంది. ఆ పేరు ఇక్కడ రాయను.

బ్యాకప్‌లు రెండు చోట్ల సేవ్ అయ్యాకే స్క్రూ ముట్టుకున్నాను. గేమ్ సౌండ్ స్పష్టంగా, పదునుగా వినిపించే దాకా తిప్పితే పావు చుట్టు కూడా పట్టలేదు. గేమ్ మొదటిసారికే లోడ్ అయింది. అనుమానం తీర్చుకోవడానికి అదే సెట్టింగ్‌లో "మ్యాథ్స్" టేప్‌ని ఒక్కసారి మొదటి బ్లాక్ వరకే నడిపాను. శబ్దం మూగబోయింది, రీడ్ ఎర్రర్. ముందు స్క్రూ తిప్పి ఉంటే, ఈ టేపే పాడైపోయిందని అనుకునేవాళ్లం.

మెషీన్ తిరిగి ఇచ్చేటప్పుడు ఏ సెట్టింగ్‌లో పెట్టమంటారని అడిగాను. గేమ్ ఆడాలంటే ఒకటి, నాన్నగారి టేప్ వినాలంటే ఇంకొకటి. ఆయన ఆలోచించకుండా రెండోదే అన్నారు. స్క్రూని మళ్లీ నెయిల్ పాలిష్ గీత దగ్గరికి తెచ్చి మూత బిగించాను. గేమ్ ఫైల్‌ని సీడీటీగా మార్చి ఎమ్యులేటర్‌తో పాటు పెన్‌డ్రైవ్‌లో పెట్టి ఇచ్చాను.