అరకు కాఫీకి తోట గుర్తు ఎందుకు అడుగుతున్నారు?

వీడియో చూసే ముందు ఈ నాలుగు మాటలు చదవండి.

"మేం యూరియా వెయ్యం, మందు కొట్టం. ఇంక మా కాఫీకి ఈ కాగితాలేంటి?" అని అరకు, పాడేరు వైపు రైతులు అడిగితే అది న్యాయమైన ప్రశ్నే.

మన దేశంలో పండే కాఫీలో ఎక్కువ భాగం ఎగుమతికే పోతుంది. ఇటలీ, జర్మనీ, బెల్జియం పెద్ద కొనుగోలుదారులు. అందుకే అక్కడి గాలి ఇక్కడి సంతలో తగులుతుంది. బ్రెజిల్‌లో కరువు వచ్చి పంట తగ్గేసరికి 2025 ఫిబ్రవరిలో న్యూయార్క్ మార్కెట్లో అరబికా ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. అదే ఏడాది ఆగస్టులో అమెరికా బ్రెజిల్ కాఫీ మీద 50 శాతం సుంకం వేసింది, నవంబరులో తీసేసింది. ఇవేవీ మన చేతిలో లేవు.

మన చేతిలో ఉన్నది ఇంకొకటి ఉంది. యూరప్ 2023లో ఒక చట్టం తెచ్చింది. 2020 డిసెంబరు 31 తర్వాత అడవి నరికి వేసిన తోటల కాఫీ అక్కడ అమ్మకూడదు. రెండుసార్లు వాయిదా పడి, ఇప్పుడు పెద్ద, మధ్యతరహా కంపెనీలకు 2026 డిసెంబరు 30 నుంచి, చిన్నవాటికి 2027 జూన్ 30 నుంచి అమలు అన్నారు. బాధ్యత అక్కడి కంపెనీదే. కానీ గింజ ఏ తోటదో చెప్పకపోతే వాళ్లు కొనలేరు. ఆర్గానిక్ సర్టిఫికెట్ ఉన్నా ఇది వేరే. అడవిని కాపాడుతున్నది మనమే, రుజువు చూపించాల్సిందీ మనమే!

అసలు ప్రమాదం కలపడంలో ఉంది. ఊరూ పేరూ తెలియని గింజలు మన గింజల్లో కలిస్తే లాట్ మొత్తం ఆగిపోతుంది.

ఇప్పుడు చేయాల్సినవి:

1. తోట గుర్తు పెట్టించుకోండి. కాఫీ బోర్డు తన యాప్‌లో రైతుల నమోదు చేస్తోంది. 4 హెక్టార్ల లోపు, అంటే సుమారు 10 ఎకరాల లోపు తోటకు ఒక్క పాయింట్ చాలు. ఫోన్ సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ పనిచేస్తుంది, ఆకాశం కనబడేచోట నిలబడండి.

2. అటవీ హక్కుల పట్టా జిరాక్స్ దగ్గర పెట్టుకోండి. భూమి మీద హక్కు కూడా అడుగుతారు.

3. సిల్వర్ ఓక్, పనస లాంటి నీడ చెట్లు తొందరపడి కొట్టకండి. శాటిలైట్ ఫోటోలో పచ్చదనం తగ్గితే అనుమానం వస్తుంది.

4. ఎన్ని కిలోలు, ఏ రోజు, ఎవరికి ఇచ్చారో పుస్తకంలో రాయండి. జీసీసీకి ఇచ్చినా, మీ సంఘానికి ఇచ్చినా రసీదు తీసుకోండి.

5. కాఫీ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు. నీడ చెట్టుకు పాకిన మిరియాలకు ఈ చట్టం వర్తించదు. మెట్టలో రాగులు, సామలు ఉంటే ధర పడిన ఏడాది కూడా ఇంట్లో అంబలి ఉంటుంది.

ధర ఎక్కడో తేలుతుంది. మన గింజ ఎక్కడిదో మాత్రం మనమే చెప్పాలి. మీ ఊళ్లో నమోదు జరిగిందా? కింద రాయండి.